ప్రార్థనకూ పూడిక తీయాలి

కడపలో లండన్ మిషన్ వారు 1822లో పని ప్రారంభించారు. రెండు వందల ఏళ్లు దాటిన తరువాత కూడా జిల్లాలోని ఎన్నో క్రైస్తవ కుటుంబాల్లో తెల్లవారుజామున బైబిలు చదువుకుని ప్రార్థించే అలవాటు ఉంది.

అయితే ఇరవై, ముప్ఫై ఏళ్లు పాటించిన వారికి ఏదో ఒక దశలో ఇది చప్పబడుతుంది. కళ్లు అధ్యాయం మీద, మనసు వేరుశనగ చేను మీదో బ్యాంకు అప్పు మీదో ఉంటాయి. లేచాక చదివిందేమిటో గుర్తుండదు. తమ భక్తిలో లోపముందని కొందరు కుమిలిపోతారు. ఎందుకొచ్చిన తంతు అని కొందరు మానేస్తారు. రెండూ సరికాదు. ఊట తగ్గితే రైతు బావిని పూడ్చడు, పూడిక తీస్తాడు.

బైబిలులో 1,189 అధ్యాయాలున్నాయి. రోజుకు మూడు, ఆదివారం ఐదు చొప్పున చదివితే ఏడాదిలో పూర్తవుతాయి. కొత్త విశ్వాసికి ఈ లెక్క మేలే. పదిసార్లు ముగించిన వారికి లెక్కే బరువు కావచ్చు. అలాంటివారు ఒక ఏడాది లెక్క విడిచి, ఒక్క సువార్తనే నెమ్మదిగా చదవడం మంచిది. 150 కీర్తనల్లో స్తుతులతోపాటు మొరలూ ఉన్నాయి. వాన రాని ఏడాది రైతు తన బాధను ఉన్నది ఉన్నట్టే దేవుని ముందు పెట్టుకోవచ్చు.

చదువు రాని తల్లులు ఇందులో వెనుకబడినవారేమీ కారు. మనుమడి చేత నాలుగు వచనాలు చదివించుకుని, కలుపు తీస్తూ వాటినే తలపోసుకునే ముసలమ్మ ధ్యానం ఎవరి ధ్యానానికీ తీసిపోదు. నేడు సెల్‌ఫోనులో వాక్యం వినే వీలుంది. ప్రార్థన మధ్యలో మోగేదీ ఆ ఫోనే కనుక కాస్త జాగ్రత్త అవసరం.

మార్కు సువార్త మొదటి అధ్యాయంలో యేసు ఇంకా చీకటి ఉండగానే ఏకాంతంగా వెళ్లి ప్రార్థించారు. శిష్యులు వెతుక్కుంటూ రాగా, వారితో కలిసి మళ్లీ ఊళ్లకే బయలుదేరారు. ఉదయం మోకరించి, మధ్యాహ్నం బోరు నీటి వంతు కోసం దాయాదితో తగవుపడేవారికి మరునాడు వాక్యం చప్పగా తోచడంలో వింత లేదు. చదివిన వాటిలో ఒక్క మాటనైనా ఆ రోజే ఆచరణలో పెట్టిన వారికి మరునాటి వాక్యం కొత్తగానే ఉంటుంది.

ఎన్ని అధ్యాయాలు చదివారని అడిగే సంఘ కాపరులు, ఏ మాట పాటించారని కూడా అడగవలసి ఉంది.