ఎలుక మెదడులో పార్టీ మాత్ర

‘ఎండీఎంఏ పట్టివేత’ అనే వార్త మన ఫోన్లలో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ మాత్ర మెదడులో ఏం చేస్తుందో మనకి చాలావరకు చెప్పింది ఎలుకలే.

మూడ్, నిద్ర, ఆకలిని నడిపే రసాయనాల్లో సెరటోనిన్ ఒకటి. మెదడు అడుగు భాగంలోని కొన్ని నరాల కణాలు దీన్ని తయారుచేసి, సన్నటి పోగుల ద్వారా మెదడంతా పంచుతాయి. ఎండీఎంఏ ఆ పోగుల కొసల్లో దాచిన నిల్వని ఒక్కసారిగా బయటికి తోడేస్తుంది. కాసేపు హుషారు! కానీ ఎలుకకి పెద్ద డోసులు ఇస్తే, వారం తర్వాత చూసినా సెరటోనిన్ బాగా తక్కువే. 1985లో దీని దగ్గరి చుట్టం ఎండీఏ ఇచ్చిన ఎలుకల్లో ఆ కొసలే పాడైనట్టు తేలింది. అదే ఏడాది అమెరికా ఎండీఎంఏని నిషేధించింది.

వేడి సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఎలుకని చల్లటి గదిలో ఉంచితే నష్టం తగ్గుతుంది, వేడి గదిలో పెరుగుతుంది. జనం కిక్కిరిసి చెమటలు కక్కే డ్యాన్స్ ఫ్లోర్ గుర్తొచ్చిందా? నాకూ అదే గుర్తొచ్చింది.

అలాగని ఎలుకకి జరిగిందే మనిషికీ జరుగుతుందని తేల్చేయలేం. ఎలుక దాకా ఎందుకు, చిట్టెలుకలోనే కథ మారిపోతుంది. అక్కడ ఇదే మందు ఎక్కువగా డోపమైన్ మీద పడుతుంది. పైగా ల్యాబ్ డోసులు పెద్దవి. కాకపోతే వాటిని మిల్లీగ్రాముల లెక్కన తూచి ఇస్తారు. పార్టీలో చేతికొచ్చే మాత్రలో ఎంతుందో, అసలేముందో అమ్మేవాడికే తెలీదు.