పద్దెనిమిదేళ్లకు ఓటు... మరి దాని చదువు ఎప్పుడు?

టెన్త్ పరీక్షలు ముగియగానే మన ఇళ్లలో ఎంపీసీయా, బైపీసీయా అన్న చర్చ మొదలవుతుంది. రెంటిలో ఏది తీసుకున్నా సోషల్ పుస్తకం ఆ రోజుతో మూతపడుతుంది. రాజ్యాంగం, గ్రామసభ, కోర్టుల గురించి చాలామంది పిల్లలు చదవడం అక్కడితో ఆఖరు. రెండు మూడేళ్లు తిరిగేసరికి చేతికి ఓటు వస్తుంది.

ఓటు వయసును 21 నుంచి 18కి తగ్గించిన సవరణ 1989లో అమల్లోకి వచ్చింది. అంటే మన పిల్లలు తొలి ఓటు వేసేది సాధారణంగా కాలేజీలో ఉండగానే. మరి ఆ లోటును కాలేజీ పూడుస్తోందా? ఏఐసీటీఈ 2018లో ఇచ్చిన ఇంజినీరింగ్ నమూనా సిలబస్‌లో భారత రాజ్యాంగం తప్పనిసరి కోర్సే. కానీ దానికి క్రెడిట్లు లేవు. క్రెడిట్ లేని సబ్జెక్టును పిల్లలు ఎంత శ్రద్ధగా చదువుతారో మనకు తెలియనిది కాదు.

ఇప్పుడు పాఠం ఫోన్‌లోనే దొరుకుతోంది. సందేహం వస్తే ఏఐ చెబుతోంది. ఇక యూనివర్సిటీ దేనికి? వేరే జిల్లా, వేరే భాష, వేరే ఆలోచన ఉన్నవారి పక్కన కూర్చుని, కోపం తెచ్చుకోకుండా వాదించడం, వాదనలో ఓడినా స్నేహం నిలుపుకోవడం ఫోన్ నేర్పదు. రేపటి యూనివర్సిటీ విలువ దీని మీదే నిలుస్తుందని నా అభిప్రాయం.

‘ముందు ఉద్యోగం రావాలి కదండీ’ అంటారా? నిజమే. లక్షల్లో ఫీజులు కట్టే వారికి ఆ బెంగ సహజం. కానీ మంచి ప్యాకేజీ ఉన్న ఇంజినీరు కూడా వీధిలో డ్రైనేజీ పొంగితే ఏ ఆఫీసును అడగాలో తెలియక, వాట్సాప్ గ్రూపులో విసుక్కుని ఊరుకుంటే, ఆ చదువులో ఏదో తక్కువైనట్టే. సమాచార హక్కు చట్టం వచ్చింది 2005లో. దరఖాస్తుకు సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలని అందులో ఉంది. ఈ సంగతి తెలిసిన పిల్లలు మన ఇళ్లలో ఎందరు?

అందుకే క్యాంపస్ చూడటానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్లతో పాటు మరో మూడు ప్రశ్నలు అడగండి. ఇక్కడ డిబేట్లు జరుగుతాయా? విద్యార్థి ప్రతినిధులను విద్యార్థులే ఎన్నుకుంటారా? ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్ నిజంగా పనిచేస్తోందా? తల్లిదండ్రులు అడుగుతున్న కొద్దీ కాలేజీలు వీటినీ పట్టించుకుంటాయి.

ఇంట్లో పని అంతకంటే ముందే మొదలుపెట్టవచ్చు. మీ వార్డు కార్పొరేటరో, ఊరి సర్పంచో ఎవరో పిల్లలనే కనుక్కోమనండి. 17 ఏళ్లు నిండితే ఓటరు నమోదుకు ముందుగానే ఫారం-6 ఇవ్వవచ్చు. దాన్ని మీరు నింపేయకుండా వాళ్ల చేతే నింపించండి. పక్కన కూర్చుంటే చాలు.