హడ్డీ హమారీ, గోష్త్ ఆప్‌కా

మా వాడల్లో పిల్లవాణ్ణి ఉస్తాద్‌కి అప్పగిస్తూ తండ్రులు అనే మాట ఇది. ఎముకలు మావి, మాంసం మీది. దీన్ని తరతరాలుగా వినయమనుకున్నాం, తహజీబ్ అనుకున్నాం. మాంసం కొట్టు ముందు మాట్లాడాల్సిన మాటను బడి గుమ్మంలో మాట్లాడుతున్నామని తోచలేదు. నాకూ తోచలేదు.

2002లో నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ఉర్దూ మీడియం ప్రాథమిక పాఠశాలలో విద్యా వాలంటీర్‌ని. బి.ఏ. పట్టా ఉంది, ఉద్యోగం లేదు. ఒక దూదేకుల తండ్రి కొడుకుని తీసుకొచ్చాడు. వాళ్లింట్లో తెలుగే. ‘మాకెట్లాగూ రాలే, వీనికన్న జబాన్ రావాలె సార్. బొక్కలు మాయి, తోలు మీది’ అన్నాడు. తెలుగు మాట్లాడతాడని ఊళ్లో ముస్లింలు ఆయన్ని సగం ముస్లిం కింద జమకట్టేవాళ్లు. హిందువులకు మాత్రం ఆయన పూర్తి తురకోడే.

పిల్లవాడు తెలుగు కలాన్ని పలికినట్టే ఉర్దూ కలాన్నీ పలికాడు. ఉర్దూలో అది గొంతు లోపలి నుంచి రావాల్సిన అక్షరం. తెలుగు లిపిలో దానికి గుర్తు లేదు కనుక ఇక్కడ రాసి చూపించలేను. ఆ మాటకొస్తే దక్కనీ మాట్లాడే నా నోటికీ అది పలకదు. మా ఇంట్లో అందరం ‘ఖలం’ అనే అంటాం. ఆ ఒక్క అక్షరం కోసం చిన్నప్పుడు మా ఉస్తాద్ చింతబరికెతో నా అరచేతులు వాచేలా కొట్టారు. నేనూ అదే బరికె తీశాను. నాకు రాని అక్షరం వాడికి రాలేదని కొట్టాను. తరగతంతా ‘కలం, కలం’ అని వాణ్ణి వెక్కిరిస్తుంటే నేనూ నవ్వాను.

తర్వాత వాడు రాలేదు. వాళ్లిల్లు బడికి ఫర్లాంగు దూరం. నేను వెళ్లలేదు. కొన్నాళ్లకు హాజరు పట్టీలో వాడి పేరు మీద గీత పడింది. ‘ఈ జాతికి చదువబ్బదు’ అనుకున్నాం చాయ్ తాగుతూ. ఆ మాట అన్నది ఏ మతతత్వవాదో కాదు. అక్కడున్న అందరం ముస్లింలమే.

2006లో సచార్ కమిటీ నివేదిక వచ్చింది. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో 25 శాతం బడి ముఖమే చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో అని తేల్చింది. అప్పటికి నేను జర్నలిస్టుని. ఉర్దూలో రాశాను, తెలుగులో రాశాను. ప్రభుత్వాన్ని దులిపాను. దులపాల్సిందే. అలాంటివాళ్లలో ఒకణ్ణి నా చేతులతో నేనే చేర్చానని మాత్రం రాయలేదు. ఇరవై ఏళ్లు దాటాక ఇప్పుడు రాస్తున్నాను.

సెక్యులర్ మిత్రులు ఇది చదివి ‘చూశారా, లోపం మీలోనే ఉంది’ అని హాయిగా ఊపిరి పీల్చుకోనక్కరలేదు. మా పిల్లలు మదర్సాలకు పోయి వెనకబడుతున్నారని కదా మీ బెంగ! అదే నివేదిక లెక్కలో మదర్సాలకు వెళ్లేది బడి ఈడు పిల్లల్లో సుమారు 3 శాతమే. బడికి పోయే మిగతావాళ్లు మీ పిల్లల పక్కన, మీ బెంచీల మీదే ఉన్నారు. క్రికెట్ మ్యాచ్ మర్నాడు ‘ఏరా పాకిస్తాన్’ అని పలకరించే మాస్టారు ఎవరి మనిషి? తెలంగాణ పిల్లల నోటి మాటను ‘యాస’ అని నవ్విన మాస్టారు ఎవరి మనిషి? నా చేతిలో బరికె, ఆయన నోట్లో నవ్వు. రెండూ ఒక బళ్లోనే తయారయ్యాయి.

మా చరిత్రా ఏమంత మచ్చలేనిది కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో మొదలైందని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. నిజాం రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదని, తెలుగు, మరాఠీ, కన్నడ పిల్లలు పై చదువుల్లో పరాయి భాష ముందు గుటకలు మింగారని మాత్రం చెప్పుకోం.

ఉర్దూ మీడియం టీచర్ల కష్టాలు నాకు తెలుసు. ఒకే మనిషి నాలుగైదు తరగతులు చెప్పడం, వేళకు రాని పుస్తకాలు, భర్తీ కాని పోస్టులు. వీటి మీద కొట్లాడదాం, నేనూ వస్తాను. కాని బరికెని ఏ జీవో ఇచ్చింది? 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. అది 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. చట్టం పేరు చెప్పి బరికె దాచుకున్నవాళ్లున్నారు. నాలుకను దాచుకున్నవాళ్లు తక్కువ. పేరు మీద గీత కొట్టేముందు ఫర్లాంగు నడవమని ఏ సర్కులర్ రావాలి? పిల్లవాడు తెలుగులో జవాబిస్తే తెలుగులో విను. దక్కనీలో చెప్తే దక్కనీలో విను. కితాబీ ఉర్దూ నేర్పడం నీ పని భాయ్. పుట్టుకతోనే తెచ్చుకోవడం వాడి పని కాదు.

‘మమ్మల్నీ ఇట్లాగే కొట్టారు, మేం బాగుపడలేదా’ అంటారు. పోయిన రంజాన్‌లో మసీదు హౌజ్ దగ్గర మా ఉస్తాద్ వుజూ చేసుకుంటూ కనిపించారు. ఎనభై దాటాయి. సలాం చేసి ఈ సంగతంతా చెప్పాను. ‘మార్ ఖాకేచ్ తో ఆద్మీ బనే మియా’ అన్నారు నవ్వుతూ.

‘హజ్రత్, మొదట్లో మేం నలభై మందిమి. పదో తరగతి దాకా వచ్చింది ఏడుగురం. మిగతావాళ్ల పేర్లు మీకు గుర్తున్నాయా?’ అని అడిగాను.

ఆయన చేతులు నీళ్లలో ఆగిపోయాయి. ఇద్దరి పేర్లు చెప్పారు. మూడో పేరు దగ్గర ఆగారు. నేను ఆ దూదేకుల పిల్లవాడి పేరు గుర్తు తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.