బెర్లిన్ కబుర్లు: ప్రకటనల చదువు

గ్రాఫిక్ డిజైను చదువుతున్నానని చెబితే మన పెద్దలు సాధారణంగా రెండు ప్రశ్నలు వేస్తారు. మొదటిది, దానికి ఉద్యోగాలుంటాయా అని. ఉంటాయండీ, ఇంజనీర్లకున్నన్ని కాకపోయినా ఉంటాయి. రెండోది కొంచెం గట్టిది: “అయితే ఏమిటమ్మా, అబద్ధాన్ని అందంగా చెప్పడం నేర్పుతారా?” ఈ నెల ఈ పుట ఆ రెండో ప్రశ్నకే కేటాయిస్తున్నాను. వేళాకోళానికి అడిగినా అది నవ్వి ఊరుకోవలసిన ప్రశ్న కాదు. మా క్లాసులో కూడా ఈ సెమిస్టరంతా దాని చుట్టూనే తిరిగాం.

మొట్టమొదట మాకిచ్చిన పని వినడానికి చాలా సులువు. ఇంట్లో ఉన్న వస్తువు ఒకటి తీసుకుని పోస్టరు వెయ్యాలి. వస్తువు బొమ్మ, దాని పేరు, అంతే. మూడోది ఉండకూడదు. దీనికి మూలం ఈ ఊరి కథే. 1906 ప్రాంతంలో ప్రీస్టర్ అనే అగ్గిపుల్లల కంపెనీ కోసం ఇక్కడ పోస్టర్ల పోటీ జరిగింది. లూసియన్ బెర్న్‌హార్డ్ అనే కుర్రవాడు, బొమ్మలు వెయ్యడం సొంతంగా నేర్చుకున్నవాడు, ముందు ఒక బల్ల వేశాడట. బల్ల మీద గళ్ళ గుడ్డ, బూడిద గిన్నె, వెలుగుతున్న చుట్ట, పక్కన అగ్గిపుల్లలు, చుట్ట పొగలో నాట్యమాడే అమ్మాయిలు. చూసిన స్నేహితుడు “చుట్టల ప్రకటన బ్రహ్మాండంగా ఉంది” అన్నాడట. దాంతో అమ్మాయిలు పోయారు, చుట్ట పోయింది, గిన్నె, గుడ్డ, బల్ల అన్నీ పోయాయి. మిగిలినవి రెండు అగ్గిపుల్లలు, వాటి పైన ప్రీస్టర్ అనే పేరు. న్యాయనిర్ణేతలు దాన్ని చెత్తబుట్టలో పడేస్తే, వాళ్ళలోనే ఒకాయన ఏరి తీసి మొదటి బహుమతి ఇప్పించాడని చెప్పుకుంటారు. ఇవాళ ప్రపంచంలో ఏ డిజైను పాఠ్యపుస్తకం తెరిచినా ఆ రెండు పుల్లలు కనిపిస్తాయి.

ఈ తీసివేతల లెక్క మనవాళ్ళకు అంత తొందరగా వంటబట్టదు. మన పెళ్ళి శుభలేఖ తలుచుకోండి. పైన వినాయకుడు, అటూ ఇటూ అరటి చెట్లు, సన్నాయి మేళం, పల్లకి, ఇద్దరు వియ్యంకుల డిగ్రీలు. వీటన్నిటి మధ్య ముహూర్తం వెతుక్కోవాలి. (నాకు ఆ శుభలేఖలంటే ఇష్టమే. అది వేరే సంగతి.)

నేను ఎంచుకున్న వస్తువు అమృతాంజనం సీసా. మా ఇంట్లో అది లేని రోజు నేను చూడలేదు. పసుపుపచ్చ తప్ప మరో రంగు వాడలేదు. ఇందులో ఏముందని మా మాస్టారు అడిగితే తలనొప్పి మందని చెప్పి, దానితోపాటు దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి కథ కూడా చెప్పాను. 1893లో బొంబాయిలో పంతులుగారు ఈ మందు మొదలుపెట్టారు. సంగీత కచేరీలకు వచ్చినవాళ్ళకు ఉచితంగా పంచిపెట్టి అలవాటు చేశారని చెబుతారు. మూడు గంటలు కచేరీ విన్నవాడికి తలనొప్పి మందు చేతికిస్తే అంతకంటే నిజాయితీ గల ప్రకటన ఏముంటుంది? అక్కడికక్కడే రాసుకుని తేల్చుకోవచ్చు. ఆ మందు అమ్మిన డబ్బు అండతోనే 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది, 1914లో మద్రాసుకు వెళ్ళి దినపత్రిక అయింది. స్వరాజ్యం కబుర్లు తెలుగువాళ్ళ వాకిట్లోకి రావడంలో ఆ చిన్న సీసా వాటా తక్కువేమీ కాదు. మా క్లాసులో పిల్లలకు ఈ సంగతి బాగా నచ్చింది. నాకైతే పెద్దల ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టయింది.

మిగతా సగం అంత తేలిగ్గా దొరకలేదు.

ఈ ఊళ్ళో వీధి మలుపుల్లో నిలబడి ఉండే లావుపాటి గుండ్రటి స్తంభాలు, ఒంటినిండా పోస్టర్లతో, మీరందరూ చూసే ఉంటారు. ఎర్న్‌స్ట్ లిట్‌ఫాస్ అనే ముద్రాపకుడు 1855లో మొదటి వంద నిలబెట్టాడు. అంతకుముందు గోడ, చెట్టు, కంచె, ఏది దొరికితే దానికి కాగితం అంటించేవారట. పోలీసు అధికారితో ఒప్పందం చేసుకుని, ప్రభుత్వ నోటీసులు వెయ్యడానికి ఒప్పుకుని, ఆ హక్కు ఆయన ఒక్కడే సంపాదించాడు. ఊరు శుభ్రపడింది, లిట్‌ఫాస్ ధనవంతుడయ్యాడు, ఎవరు ఏం అంటిస్తున్నారో పోలీసులకు తెలిసింది. ముగ్గురికీ లాభమే. 2019లో సుమారు 2,500 పాత స్తంభాలు తీసేస్తుంటే జనం వాటి మీద వీడ్కోలు మాటలు రాసి అంటించారు. కొన్నింటిని మాత్రం వారసత్వంగా ఉంచారు. ఆ స్తంభం మీద నాటకం పోస్టరు, సబ్బు పోస్టరు, 1870 యుద్ధవార్తలు, ఆ తరువాత నాజీల ప్రచారం, అన్నీ అంటుకున్నాయి. స్తంభానికి కాదనే నోరు లేదు. మరి బొమ్మ వేసేవాడికి?

ఒకరోజు మా మాస్టారు తెర మీద ఒక పాత పుస్తకం పుటలు చూపించారు. ఫోటోల కూర్పు, అక్షరాల పొందిక, ఖాళీ జాగా వదిలిన తీరు చూసి అందరం మెచ్చుకున్నాం. ఆయన అరగంట మా చేత మాట్లాడించి, ఆ తరువాత అదేమిటో చెప్పారు. 1936 ఒలింపిక్ క్రీడలప్పుడు నాజీ ప్రభుత్వం ఇక్కడ ‘డాయిచ్‌లాండ్’ పేరుతో పెట్టిన ప్రదర్శన పుస్తకం అది. చేసినవాడు హెర్బెర్ట్ బాయర్. బౌహౌస్ విద్యార్థి, తరువాత 1928 దాకా అక్కడే అచ్చు, ప్రకటనల విభాగానికి గురువు, పెద్దక్షరాలు అక్కర్లేదని చిన్నక్షరాలతోనే లిపి తయారుచేసిన మనిషి. ఆయన చదివిన, చెప్పిన బౌహౌస్ నాజీల ఒత్తిడితోనే 1933లో ఈ బెర్లిన్‌లో మూతపడింది. ఆయన ఇక్కడే ఒక పేరున్న ప్రకటనల సంస్థలో పనిచేస్తూ ఆ ప్రభుత్వానికే పుస్తకం చేసిపెట్టాడు. 1937లో అదే ప్రభుత్వం మ్యూనిక్‌లో ‘పతనమైన కళ’ అని వెక్కిరిస్తూ పెట్టిన ప్రదర్శనలో ఆయన చిత్రాన్నీ వేలాడదీసింది. మరుసటేడు ఆయన అమెరికా వెళ్ళిపోయాడు. ఆ పుస్తకంలో అక్షరాల పొందిక ఇప్పటికీ బాగుంది. నన్ను బాధపెట్టింది అదే.

క్లాసులో ఒకబ్బాయి, చట్టం ఒప్పుకున్న సరుకైతే చాలు, మిగతాది మనకెందుకు అన్నాడు. దానికి ఇంకో అమ్మాయి సిగరెట్టు పోస్టర్ల సంగతి ఎత్తింది. మన దేశంలో గోడల మీద సిగరెట్టు ప్రకటనలను 2003 చట్టమే ఆపేసింది. ఇక్కడ మాత్రం 2021 డిసెంబరు 31 దాకా బస్‌స్టాపుల్లో అవి దర్జాగా వెలిగాయి. మర్నాడు, 2022 జనవరి 1న, నిషేధం వచ్చింది. ఒక్క రాత్రిలో పొగాకు మారిపోయిందా, మారింది చట్టమా అని ఆ అమ్మాయి అడిగితే అబ్బాయి మాట్లాడలేదు.

ఆఖరున మాస్టారు ఒక కాగితం ఇచ్చి, ఎంత డబ్బిచ్చినా మీరు పని చెయ్యని సరుకులు మూడు రాయమన్నారు. నేను మొదట సిగరెట్లు రాశాను, తరువాత జూదపు యంత్రాలు. మూడోది ఫెయిర్‌నెస్ క్రీము. 1975 నుంచి ‘ఫెయిర్ అండ్ లవ్లీ’ మన దేశంలో నల్లపిల్లకు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు, తెల్లబడితే రెండూ అవుతాయని ఇంటింటా చెప్పింది. 2020లో పేరులోంచి ఆ ‘ఫెయిర్’ మాట తీసేశారు. ఇది కూడా తీసివేతే గాని బెర్న్‌హార్డ్ తీసివేత కాదు. సీసాలోది సీసాలోనే ఉంది.

నా పక్కన కూర్చునే జర్మన్ అమ్మాయికి ఆ మూడో పేరు అర్థం కాలేదు. వాళ్ళు ఎండాకాలం వస్తే సరస్సుల ఒడ్డున గంటలకొద్దీ పడుకుని నల్లబడతారు, ఎండ లేని నెలల్లో డబ్బిచ్చి మరీ దీపాల కింద పడుకుంటారు. నల్లగా ఉంటే నష్టమేమిటని అడిగింది. మాటలతో చెప్పలేక, మా తాతగారు సరుకులకు చుట్టి పంపిన ఒక ఆదివారం పేపరు తీసుకెళ్ళి, వధువు కావలెను పుట చదివి అర్థం చెప్పాను. కులం, జీతం, ఎత్తు, ఆ పైన తెల్లని అందమైన అమ్మాయి కావలెను అని, వరసగా ఎన్నో. అమెరికా వరులవీ, జర్మనీ వరులవీ కూడా ఉన్నాయి. ఆ అమ్మాయి శ్రద్ధగా విని, ఇవి ఏ ఏజెన్సీ రాస్తుందని అడిగింది. ఏజెన్సీ కాదు, అమ్మానాన్నలే రాస్తారు, మాటకింతని డబ్బు కట్టి, అని చెప్పాను.