నోరు మూయని రేడియోను గూర్చి రవాణా శాఖవారికి బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖవారి సముఖమునకు,

ఆర్యులారా,

విజయవాడనుండి హైదరాబాదు పోవు 65వ నంబరు జాతీయ రహదారిమీద, కోదాడ దాటిన కొంతసేపటికి, అంతవరకు వినయముగా పాడుచుండిన నా కారు రేడియో పాట నడుమ ఆగి, తెర నల్లబడి, కంపెనీ ముద్ర వెలిగి, చెవులు చిల్లులు పడునట్లు రెండు క్షణములరచి, మరల నల్లబడి, మరల వెలిగి, ఈ జననమరణ చక్రమున చిక్కుకొనినది. మీట నొక్కితిని, తెరను తట్టితిని, బండి నాపి తాళము తీసితిని. తాళము తీసినను తలుపు తెరచువరకు ఆరకుండుట దాని ధర్మమట! వెనుక కూర్చున్న మా అత్తగారు ఇది దిష్టియే గాని వేరు కాదని తేల్చి, సంచిలో నిమ్మకాయకై వెదకసాగిరి.

సూర్యాపేటలో ఒక కారు ఎలక్ట్రీషియను, మీసములైన సరిగా రాని కుర్రవాడు, నా కథ సాంతము వినకయే బానెట్టెత్తి, పది నంబరు స్పానరుతో బ్యాటరీ నెగెటివు తీగను విప్పి, దాని కొసకు పాతగుడ్డ చుట్టి ప్రక్కకు వంచెను. పాజిటివు ముందేల విప్పవని యడుగగా, స్పానరు పొరపాటున బండి ఇనుమునకు తగిలినచో నిప్పురవ్వలు లేచునని చెప్పి, "చాయ్ తాగొద్దాం పాండ్రి సార్, అంతల్ల దానికి సోయి వస్తది" అనెను. తీగ తీసినను రేడియో పెట్టెలోని కెపాసిటరులలో కొంత విద్యుత్తు నిలిచియుండుననియు, అది ఇంకినగాని యంత్రము తన పాత భ్రమను విడువదనియు నేను పిమ్మట తెలిసికొంటిని గాని, ఆ కుర్రవాని చాయ్‌లో ఆ శాస్త్రమంతయు నిమిడియేయున్నది. పది నిమిషములకు తీగ బిగించితిమి. అరపు పోయినది, గడియారము పన్నెండు చూపినది, రేడియో మాత్రము నాలుగంకెల కోడు చెప్పుమని నిలదీసినది. దొంగలు పెట్టె నూడబెరికి అమ్ముకొనకుండుటకు పెట్టిన తాళమది. కోడు వ్రాసిన కార్డు ఇంట బీరువాలో నున్నది. హైదరాబాదు వరకు నిశ్శబ్దము. మా అత్తగారు సుఖముగా నిద్రించిరి.

మరునాడు సర్వీసువారు, నన్నడుగకయే, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, నేను కూర్చుకొనిన నంబరులు, చిరునామాలు, స్టేషనులు సమస్తము తుడిచివేసిరి. పడుకొనినవానిని లేపుటకును, వాని జ్ఞాపకశక్తిని హరించుటకును ఎంత భేదమో, రీస్టార్టునకును ఈ రీసెట్టునకును అంత భేదము. రెండవది బండి అమ్మునపుడు తప్పక చేయవలసినది. అట్లు చేసినచో మనవారి ఫోను నంబరులు పరుల పాలు గాకుండును. ధ్వని తగ్గించు గుండీని పది సెకండ్లు నొక్కిపట్టినచో రీస్టార్టు జరిగియుండెడిదని, ఇంగ్లీషు చేపుస్తకములో, మూడువందల పుటల పిమ్మట, చిన్న యక్షరములలో కనబడినది!

దీనిని నా యొక్కని దుఃఖముగా తలపవలదు. 2022 జనవరిలో అమెరికాలోని సియాటిల్ ప్రాంతమున 94.9 స్టేషను, కేయూవోడబ్ల్యూ, వినుచున్న కొందరి 2014–2017 నాటి మాజ్దా కార్ల రేడియోలు ఆ స్టేషనునకే యంటుకొనిపోయి, తెరలు ఆరుచు వెలుగుచు నుండిపోయినవి. ధ్వనితోపాటు ప్రసారమైన బొమ్మల ఫైళ్ల పేరుల చివర, అది ఏ జాతి ఫైలో తెలుపు తోక లేకపోవుటయే కారణము. తోకలేని బొమ్మను చూచి కారు మతి పోగొట్టుకొనినదనిన, మన పంచతంత్రమున చేరదగిన కథ గదా! కొందరికి భాగము మార్చుటకు సుమారు 1,500 డాలర్లగునని డీలర్లు చెప్పగా, కంపెనీ తుదకు ఉచితముగా మార్చుటకు పూనుకొనినది.

రీసెట్టు సర్వరోగనివారిణి కాదు. ఎడతెగని సమాచారపు వ్రాతలచే మెమరీ చిప్పు అరిగిపోయి, తెరయు, దానితో వెనుకవైపు చూపు కెమెరా దృశ్యమును పోవుచుండుటచే, 2021లో అమెరికా రహదారి భద్రతాధికారులు కోరగా టెస్లావారు సుమారు 1,35,000 కార్లను వెనుకకు రప్పించిరి. తెర వినోదమునకు మాత్రమే కాదని అచ్చటి ప్రభుత్వ మొప్పుకొనినది.

మీరును ఆజ్ఞాపింపగలవారే. 2019 జూలై 1 మొదలు కార్లు గంటకు 80 కిలోమీటర్ల వేగము దాటగనే కూయవలెననియు, వెనుకకు పోవునపుడు హెచ్చరింపవలెననియు మీరు శాసించితిరి, అవి కూయుచున్నవి. కూయుమన్నవారే ఊరకుండుమనియు అనవచ్చును గదా? తెరపై బొమ్మగా గాక, చేతికి తగులు నిజమైన మీట యొకటి, తెర స్తంభించినను పెట్టె నార్పగలిగినది, ప్రతి కారున నుండవలెను. రీస్టార్టు విధానమును, రేడియో ఫ్యూజు స్థానమును కొనువాని భాషలో ముద్రింపవలెను. కోడు కలదేని, బండి అప్పగించునపుడే నోటితో చెప్పి, చేతిలో పెట్టవలెను. అంతకుమించి నేనేమియు కోరను.

చోటు చాలదని కంపెనీలవారు మీతో ననవచ్చును. నా కారు ఫ్యూజు పెట్టె మూతపై, ఏ ఫ్యూజు దేనిదో తెలుపు పటము ప్రక్కన, నాలుగు తెలుగు పంక్తులు పట్టు ఖాళీ యున్నది. నిన్ననే టేపుతో కొలిచి చూచితిని.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
ఒక వాహనదారుడు