మన పిల్లల ఇంగ్లీషు: వాక్యం ఎక్కడ ఆగుతుంది?

పోయిన నెల ఆర్టికల్స్ గురించి చెప్పుకొన్నాము. ఈ నెల క్లాజుల వంతు. పేరు వినగానే పిల్లలతో బాటు పెద్దలూ మొహం చిట్లిస్తారని మాకు తెలుసు. అయినా వ్రాయక తప్పడం లేదు.

"యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని వ్రాసి చుక్క పెట్టి, కింద కొత్తగా "ప్లీజ్ గ్రాంట్ మీ లీవ్" అని మొదలుపెట్టిన సెలవు చీటీలు మా ఆఫీసు బల్ల మీదికి తరచుగా వస్తుంటాయి. "నాకు జ్వరంగా ఉన్నందువల్ల" అని తెలుగులో ఎవరమైనా నోరు మూసుకొంటామా? మూసుకోము. మరి ఇంగ్లీషులో ఎందుకు ఆగుతాము? కారణం మన భాషలోనే ఉన్నది. తెలుగులో సమాపక క్రియ సాధారణంగా చివరనే వస్తుంది. అది వచ్చిందంటే వాక్యం ముగిసిందన్న మాట. ఆ అలవాటుతో, 'యామ్' అనే పూర్తి క్రియ కనబడగానే మన చెయ్యి చుక్క పెట్టేస్తుంది. ఇంగ్లీషులో అలా కాదు. ఆధారపడిన క్లాజుకు కూడా పూర్తి క్రియ ఉంటుంది. ముందున్న 'యాజ్', 'ఇఫ్', 'వెన్', 'బికాజ్' వంటి మాటే "ఇంకా ఉన్నది, ఆగు" అని చెబుతుంది.

కాబట్టి పిల్లవాడిని పేర్లు బట్టీ పట్టించక, క్రియలు లెక్కపెట్టమనండి. పూర్తి క్రియ ఒక్కటే ఉంటే సింపుల్ వాక్యం. "ఐ కాల్డ్ హిమ్, బట్ హీ డిడ్ నాట్ కమ్" వంటి రెండు సమానులు 'అండ్', 'బట్'లతో కలిస్తే కాంపౌండ్. ఒకటి రెండోదాని మీద ఆధారపడితే కాంప్లెక్స్.

ఇక్కడ ఒక చిక్కు. "అన్నం తిని బడికి వెళ్ళాడు" అన్నది తెలుగు క్లాసులో సంశ్లిష్ట వాక్యం. "హావింగ్ ఈటెన్, హీ వెంట్ టు స్కూల్" అంటే ఇంగ్లీషు మేష్టారు సింపుల్ అంటారు. 'హావింగ్ ఈటెన్' అసమాపకం గనుక. "ఆఫ్టర్ హీ హాడ్ ఈటెన్, హీ వెంట్ టు స్కూల్" అంటేనే కాంప్లెక్స్. ఇద్దరు మేష్టర్లూ చెప్పింది ఒప్పే. నలిగేది పిల్లవాడు.

'హూ', 'విచ్'ల దగ్గర మరీ కష్టం. "నిన్న వచ్చిన మనిషి" అంటే మనకు సరిపోయె. కన్నడంలో 'బంద', తమిళంలో 'వంద' కూడా అంతే. (తమిళపు 'వంద' నూరు కాదు సుమండీ!) అందుచేత బెంగుళూరు, మద్రాసు పిల్లలకు వీధిభాష సాయం రాదు. షోలాపురం పిల్లలకు మరాఠీలో "జో మాణూస్ కాల్ ఆలా, తో" అన్న దారి ఉన్నది. బరంపురం వారికి ఒడియాలో 'జే – సే' ఉన్నది. ఇంగ్లీషుకు అది దగ్గర.

మనకు అసలే లేదనుకోకండి. "ఎవరు ముందు వస్తారో వారికే చోటు" అంటాము గదా! "నిన్న ఎవరు వచ్చారో ఆ మనిషి" అని ముందు విడదీయించండి. 'ఎవరు' ఉన్నచోట 'హూ' దానంతటదే వచ్చి కూర్చుంటుంది. "నేను వ్రాసిన ఉత్తరం", "నేను వ్రాసిన కలం" రెంటికీ తెలుగులో ఒకటే 'వ్రాసిన'. విడదీస్తే మొదటిది 'దేనిని వ్రాశానో', రెండోది 'దేనితో వ్రాశానో'. అందుకే ఉత్తరానికి 'విచ్', కలానికి 'విత్ విచ్'.

ఇది పరీక్ష మార్కులతో పోయే సంగతి కూడా కాదు. "మై సన్స్ హూ లివ్ ఇన్ హోసూర్" అంటే హోసూరులో ఉన్న కొడుకులు మాత్రమే. 'సన్స్' తర్వాత, 'హోసూర్' తర్వాత కామాలు పెడితే కొడుకులందరూ. అందరూ హోసూరులోనే ఉన్నారని అర్థం. "హోసూరులో ఉన్న మా అబ్బాయిలు" అన్న తెలుగు మాటలో ఈ తేడా తేలదు. వీలునామా ఇంగ్లీషులో వ్రాయించేవారు కామాను నమ్ముకోక, కొడుకుల పేర్లు వరుసగా వ్రాయించుకోవడం మేలు. అన్నదమ్ముల తగవుకు కామా చాలు.

ఈ నెల అభ్యాసం: నేను కొన్న కుర్చీ, నేను కూర్చున్న కుర్చీ, కాలు విరిగిన కుర్చీ. మూడింటినీ 'విచ్', 'హూజ్' వాడి ఇంగ్లీషులో చెప్పించండి. జవాబులు వచ్చే సంచికలో.