రెంటచింతల యెండకు తగిన పిస్టను

పాత అంబాసిడరునో, మహీంద్రావారి విల్లీస్ జీపునో బాగుచేయించి, దానికొక సూపర్‌ఛార్జరును తగిలించి, అరువదియేండ్లనాటి యింజనుచేత నేటి బండ్లకు దీటుగా పరుగు తీయింపవలెనని ఉవ్విళ్లూరు రసికుడు నరసరావుపేటవాడైనను, మాచర్లవాడైనను, మొట్టమొదట చేయు పని యొక్కటియే: ఇంగ్లండులోనో అమెరికాలోనో అచ్చయిన పుస్తకమును తెరచి, అందు చెప్పిన పిస్టనును, అందు చెప్పిన సంపీడన నిష్పత్తిని వేదవాక్యముగా స్వీకరించుట. ఆ పుస్తకము వ్రాసిన మహాశయుడు విద్వాంసుడు కావచ్చును, అనుభవశాలియు కావచ్చును. కాని మే నెల మధ్యాహ్నమున రెంటచింతల బస్సుస్టాండులో నిలుచున్నవాడు మాత్రము కాడు. పల్నాటిలో సూపర్‌ఛార్జరు పెట్టదలచినవాడు పిస్టనును ఎన్నుకొనవలసినది ఆ పుస్తకమును బట్టి కాదు, ఆ మధ్యాహ్నమును బట్టియే యని నా వాదము.

పిస్టను అడుగున నున్నప్పుడు సిలిండరులో నుండు మొత్తము చోటునకును, పైకి వచ్చినప్పుడు మిగిలిన చోటునకును గల సంబంధమునే సంపీడన నిష్పత్తి యందురు. మన మెకానిక్కులు కంప్రెషన్ అని ఊరకుందురు. అంబాసిడరులో చిరకాలము పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల బి.ఎం.సి. ఇంజనులో ఒక్కొక్క పిస్టను ఊడ్చు చోటు 372 ఘన సెంటీమీటర్లు. తక్కువ ఆక్టేను పెట్రోలుకు అనుగుణముగా దాని నిష్పత్తిని 7.2గా ఉంచిరి, అనగా పైన మిగులునది 60 ఘన సెంటీమీటర్లు. ఇదే యింజను ఎం.జి.ఏ. యను వేగపు కారులో 8.3 నిష్పత్తితో పనిచేసెను. అచ్చట మిగులునది 51 మాత్రమే. ఈ రెంటికి నడుమ నున్న భేదము రెండు చిన్న చెంచాల నీరు పట్టు చోటైనను కాదు. అయినను సూపర్‌ఛార్జరు వచ్చి చేరినప్పుడు ఇంజను బ్రతుకుటయు చచ్చుటయు ఆ చోటుమీదనే ఆధారపడియుండును. వాతావరణపు ఒత్తిడి చదరపు అంగుళమునకు 14.7 పౌన్లు గదా. దానిపై గాలిని నూదు ఆ సూపర్‌ఛార్జరు, అనగా బ్లోయరు, మరి 6 పౌన్లు చేర్చినచో, వర్క్‌షాపులవారి మోటులెక్క చొప్పున 7.2 కాస్తయు 10.1 వలె ప్రవర్తించును, 8.3 అయినచో 11.7 వలె ప్రవర్తించును.

ఆ మోటులెక్కలో వేడిమికి తావు లేదు. చిక్కంతయు అచ్చటనే యున్నది. వేసవిలో రాష్ట్రమంతటను మిక్కిలి యెండ కాయు ఊళ్లలో రెంటచింతల పేరు పత్రికాపాఠకు లెల్లరు ఎరిగినదే. 45 డిగ్రీలు దాటిన దినములు అచ్చటివారికి వింత గావు. గాలిని నొక్కినచో అది వేడెక్కును. పాతకాలపు రూట్స్ తరహా బ్లోయరు, దక్షత సగమునకు మించనిది, 6 పౌన్లు నూదునప్పుడు 15 డిగ్రీల ఆంగ్లదేశపు గాలిని ఇంచుమించు 75 డిగ్రీలకు చేర్చును. మన 45 డిగ్రీల గాలిని 110 డిగ్రీలకు చేర్చును. కార్బురేటరు బ్లోయరునకు ముందున్నచో పెట్రోలు ఆవిరియగుటవలన కొంత చల్లదనము కలుగుమాట నిజమే కాని, తారతమ్యము మాత్రము నిలిచియే యుండును. పైగా ఇన్‌లెట్టు కడ నున్న తేడా అచ్చటితో ఆగదు. సిలిండరులో పిస్టను ఆ గాలిని మరల నొక్కునప్పుడు రమారమి రెట్టింపగును. అప్పుడు ప్లగ్గు కడ పుట్టిన జ్వాల చేరకమునుపే మూలనున్న మిశ్రమము తనంతట తాను భగ్గున మండును. నాకింగు అనునది యిదియే. సామాన్యపు ఇంజనులో అది చెవికి వినబడు హెచ్చరిక. సూపర్‌ఛార్జరు గల ఇంజనులో ఆ శబ్దము వినబడునప్పటికే రింగుల నడిమి గట్లు పగిలియుండవచ్చును, పిస్టను తలకు రంధ్రము పడియుండవచ్చును.

గాలిని బలిమితో నూదు ఇంజనునకు నిష్పత్తి తక్కువగా నుండవలెననుట నేడు పుట్టిన మాట కాదు. స్పిట్‌ఫైరు విమానములను నడిపిన 27 లీటర్ల రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజను సంపీడన నిష్పత్తి కేవలము 6. 1940లో బ్రిటిషు యుద్ధవిమానములకు 100 ఆక్టేను పెట్రోలు లభించినప్పుడు ఆ ఇంజనీర్లు ఏమి చేసిరో చూడుడు: నిష్పత్తి జోలికి పోలేదు, బ్లోయరు ఒత్తిడిని ఆరుంబావు పౌన్ల నుండి 12 పౌన్లకు పెంచిరి. మంచి పెట్రోలు వచ్చిన కొలది పిస్టనును ఉబ్బించవలెనని తహతహపడు మన మిత్రులు ఈ యొక్క సంగతిని మననము చేసిన చాలును. అంతకు పూర్వము బెంట్లీ కారునకు బ్లోయరు తగిలించిన టిమ్ బిర్కిన్ కథ వేరు, డబ్ల్యు. ఓ. బెంట్లీకి అది సుతరామును ఇష్టము లేదు, 1930 ల మాన్ పందెములో ఆ బ్లోయరు బండ్లలో ఒక్కటియు గమ్యము చేరలేదు, గెలిచినది బ్లోయరు లేని పెద్ద ఇంజను బెంట్లీయే. బిర్కిన్ సాహసమును మెచ్చవచ్చును గాని, సొంతబండి విషయమున అనుకరింపరాదు.

నేటి పెట్రోలు పాతదానికంటె మేలైనది గదా యని యొక ఆక్షేపణ. సీసము కలిపిన పెట్రోలు 2000వ సంవత్సరముతో మన దేశమున ఆగిపోయినది. ఇప్పుడు బంకులలో దొరకునది నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిసినది, ఆక్టేను 95. ఇథనాలు నాకింగును అణచును, ఆవిరియగునప్పుడు చల్లబరచును. ఈ రెండును సూపర్‌ఛార్జరునకు ఉపకారములే. కాని అది తనలోనే ప్రాణవాయువును మోసికొని వచ్చును గావున, పాత కార్బురేటరును అట్లే యుంచినచో మిశ్రమము పలుచబడును. ఒత్తిడిలో పలుచని మిశ్రమమంత పిస్టనులను కాల్చునది మరియొకటి లేదు. జెట్లను పెద్దవి చేయింపనిదే ఆ 95 అంకెను నమ్ముకొనరాదు.

కావున నా యెన్నిక యిది. అంబాసిడరు ఇంజనునకు 7 మొదలు 7.2 వరకు నిష్పత్తి, 5 లేక 6 పౌన్ల ఒత్తిడి. అంతకు మించి వలదు. జీపునకైతే అదృష్టము ముందే కలిసివచ్చినది: 2199 ఘన సెంటీమీటర్ల ఆ హరికేన్ ఇంజను నిష్పత్తి పుట్టుకతోనే 6.9. రెంటికిని క్రాంకునకు మూడే మెయిన్ బేరింగులు; జీపు స్ట్రోకు 111 మిల్లీమీటర్ల పొడవు. ఇట్టి ఇంజనులను ఎక్కువ చుట్లు తిప్పుట దౌర్జన్యము.

లోగడ ఎవరో హెడ్డును చెక్కించియో, తల ఉబ్బిన పిస్టనులు వేయించియో నిష్పత్తిని 8.3కు పెంచిన ఇంజను చేతికి వచ్చినచో, దానిని దింపుటకు చౌకమార్గముగా రెండు గ్యాస్కెట్లు పేర్చుమని చెప్పువారు కొందరుందురు. ఈ సలహాను నేను గట్టిగా ప్రతిఘటింతును. 73 మిల్లీమీటర్ల బోరులో ఒక మిల్లీమీటరు మందమునకు లభించు చోటు 4.2 ఘన సెంటీమీటర్లు, కావలసినది 9, అనగా రెండు మిల్లీమీటర్లకు పైబడి మందము పెరుగవలెను. ఒత్తిడి మిక్కుటమగునప్పుడు అంత మందపు గ్యాస్కెట్టు ఊడుట యొక యెత్తు. పిస్టను అంచునకును హెడ్డునకును నడుమ మిశ్రమమును పిండి సుడి తిప్పు సన్నని సందు విప్పారిపోయి, ఏ నాకింగును తప్పింపగోరితిమో దానికే త్రోవ యిచ్చుట మరియొక యెత్తు. పాత పిస్టను తలనే లేతుమీద గీయించుటయు అంతే ప్రమాదము. తల పలుచనైన పిస్టను వేడిని మోయలేదు. తలమీద గుంట గల కొత్త పిస్టనులను, గుంట క్రింద తగిన మందముండునట్లు, పైరింగు కొంచెము దిగువగా నుండునట్లు చేయించుటయే మార్గము. పోతపిస్టనుకంటె ఫోర్జు చేసినది మేలు. కాని అది వేడికి ఎక్కువ వ్యాకోచించును గావున, బోరింగు చేయువానికి పాత కొలత నీయక పిస్టను చేసినవారి కొలత నీయవలెను. చలివేళ స్టార్టు చేయగానే టకటకలాడినను భయపడ పనిలేదు. రింగు గ్యాపును కూడ పెంచవలెను. ఈ బోరునకు 0.44 మిల్లీమీటర్లు సబబు. గ్యాపు చాలనిచో వేడెక్కిన రింగు కొనలు రెండును ఒరసికొని, పిస్టను గట్టును చీల్చుకొనిపోవును. పిడుగురాళ్ల సున్నపుబట్టీల దుమ్ములో తిరుగు బండికి మంచి ఎయిర్‌ఫిల్టరు లేక ఈ శ్రమ అంతయు వ్యర్థమని వేరుగ చెప్పనక్కరలేదు.

నిష్పత్తి తగ్గించినచో మైలేజీ పోవును గదా, బ్లోయరు సాయము లేనప్పుడు బండి మందగించును గదా యందురు. శాస్త్రపులెక్కకు 8.3 నుండి 7.2కు దిగుటలో నష్టము నూటికి నాలుగు పాళ్లు. అంత వేడిలో సైతము 6 పౌన్ల బ్లోయరు లోనికి నెట్టు అదనపు గాలి తూకము నూటికి పదునేడు పాళ్లు. ఈ బేరములో నష్టపోయినవాడెవ్వడో నాకు తెలియరాదు.

ఇక చట్టము మాట. 2021లో కేంద్రము చేసిన నియమముల ప్రకారము ఏబదియేండ్లు నిండిన బండిని వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును గాని, దాని ఇంజను, ఛాసిస్, బాడీ మౌలికముగా మార్పు చెందియుండరాదు. సూపర్‌ఛార్జరుతో ఆ గౌరవము దక్కదు. అందుచేతనే నేను పిస్టనుల మార్పును గట్టిగా సమర్థించుచు, బ్లాకును, హెడ్డును కోయించుటను వలదందును: పిస్టనులను మరల మార్చవచ్చును, బ్లోయరును నాలుగు బోల్టులు విప్పి దింపవచ్చును, చెక్కిన హెడ్డునకు పోయిన ఇనుమును మాత్రము ఏ లేతు షాపువాడును తిరిగి అతికింపలేడు.